ప్రాసెసర్ మారిస్తే కొత్త గేమ్‌లు ఆడతాయా?

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. అక్క వాడిన ల్యాప్‌టాప్ ఇప్పుడు నాకొచ్చింది. 2012 మోడల్. ఐ5-3210ఎం ప్రాసెసర్, 4జీబీ ర్యామ్, 500జీబీ హార్డ్‌డిస్క్, జీఫోర్స్ జీటీ 630ఎం 2జీబీ గ్రాఫిక్స్. జీటీఏ 5 ఆడుతుంది గానీ సిటీలో కారు స్పీడ్ పెంచగానే ఆగి ఆగి నడుస్తుంది. సైబర్‌పంక్ 2077 అయితే ఓపెనే కాలేదు. తెలిసిన మెకానిక్ ఒకాయన ఐ5 తీసేసి ఐ7 వేస్తే అన్నీ ఆడతాయంటున్నాడు. కొత్త ల్యాప్‌టాప్ మాటెత్తితే ఇంట్లో ఊరుకోరు. ఐ7 వేయించుకోమంటారా?

జవాబు: మీ మెకానిక్ చెప్పినదాంట్లో మొదటి సగం నిజమే. ఐ5 తీసి ఐ7 వేయొచ్చు. ‘అన్నీ ఆడతాయి’ అన్నాడు చూశారూ, పేచీ అక్కడే ఉంది.

ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తుంటాయి. ఎక్కువ మందికి ‘కుదరదు, బోర్డుకు అంటించేశారు’ అని ఒక్క ముక్కలో రాసేస్తాను. ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు సాకెట్లో కూర్చునే రోజులు నాలుగో తరంతో, అంటే 2013లో వచ్చిన వాటితో, అయిపోయాయి. ఐదో తరం నుంచి అన్నీ మదర్‌బోర్డుకు సోల్డర్ అయ్యే వస్తున్నాయి. అంతకుముందు తరాల్లోనూ నంబరు చివర ‘యూ’ ఉంటే అది అంటించిందే. నాలుగో తరంలో ‘ఎంక్యూ’ అంటే ఊడేది, ‘హెచ్‌క్యూ’ అంటే ఊడనిది. మీది మూడో తరం (నంబరు 3తో మొదలైంది చూడండి), చివర ‘ఎం’ ఉంది కాబట్టి అదృష్టవంతులే అనాలి. అలాగని పూర్తిగా నమ్మకండి, 3210ఎం రెండు రకాలుగానూ వచ్చింది. సీపీయూ-జెడ్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ వేసుకుని, మొదటి పేజీలో ‘ప్యాకేజ్’ అన్న గడి చూడండి. అక్కడ 988బీ ఆర్‌పీజీఏ అని ఉంటే ఊడుతుంది. 1023 ఎఫ్‌సీబీజీఏ అని ఉంటే ఐ7 మాట అక్కడితో వదిలేయండి.

ఊడేదే అని తేలినా వెంటనే మెకానిక్ దగ్గరికి పరిగెత్తొద్దు. ముందు ఇంట్లోనే ఓ పరీక్ష పెట్టండి. పావుగంట పని, ఖర్చేమీ లేదు. ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని బొమ్మలు వస్తున్నాయో చెప్పే అంకె) కౌంటర్ స్క్రీన్ మీద కనపడేలా పెట్టుకుని, జీటీఏలో మీకు చిరాకు తెప్పించే ఆ సిటీ రోడ్డు మీదికి వెళ్లండి. 1366×768లో ఎంత వస్తోందో కాగితం మీద రాసుకోండి. తర్వాత రిజల్యూషన్ 800×600కి దించి, అదే రోడ్డు మీద, అదే కారులో మళ్లీ తిరగండి. సుమారు పదిన్నర లక్షల చుక్కలు గీయాల్సిన చోట ఇప్పుడు 4 లక్షల 80 వేలు గీస్తే చాలు. ఆ చుక్కలు గీయడం గ్రాఫిక్స్ చిప్ పని. కాబట్టి ఎఫ్‌పీఎస్ గబుక్కున పెరిగితే ఇన్నాళ్లూ వెనకబడింది గ్రాఫిక్సే. పెరగకుండా అక్కడక్కడే కొట్టుకుంటుంటే తప్పు ప్రాసెసర్‌ది. ఎందుకంటే రోడ్డు మీద ఎన్ని కార్లు తిరగాలి, పోలీసు ఎటు మళ్లాలి, మీరు గుద్దిన స్తంభం ఎటు ఒరగాలి అన్న లెక్కలన్నీ ప్రాసెసరే వేస్తుంది. స్క్రీన్ మీద బొమ్మ స్పష్టంగా ఉన్నా మసకగా ఉన్నా ఆ లెక్కలు తగ్గవు.

అదే పరీక్షలో ఇంకొకటి కూడా గమనించండి. గేమ్ ఠక్కున ఆగినప్పుడు మీ చూపు స్క్రీన్ మీద కాదు, ల్యాప్‌టాప్ అంచున ఉండే హార్డ్‌డిస్క్ లైటు మీద ఉండాలి. ఆగిన ప్రతిసారీ ఆ లైటు ఆరకుండా వెలుగుతుంటే, పాపం ప్రాసెసర్ పని లేక కూర్చుని ఉందన్నమాట. 4జీబీలో విండోస్ తన వాటా తీసుకోగా మిగిలింది గేమ్‌కి చాలదు. చాలనిదంతా హార్డ్‌డిస్క్ మీదికి పోసి, మళ్లీ తోడుకుంటూ ఉంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో ముందు బయటపడేది ఇదేనని నా అనుమానం. సగం మంది ప్రాసెసర్‌ని తిట్టుకునేది ర్యామ్ చేసిన తప్పుకే.

ఇక గ్రాఫిక్స్. స్టిక్కర్ మీద 2జీబీ అని చూసి మురిసిపోకండి. గోదాము పెద్దదే, కూలీలే తక్కువ. జీటీ 630ఎంలో లెక్కలు చేసే కోర్లు 96. సైబర్‌పంక్‌కి కనీసం ఉండాలని వాళ్లు చెప్పే జీటీఎక్స్ 1060 6జీబీ కార్డులో 1280. పాత కోరుకీ కొత్త కోరుకీ సత్తువ ఒకటి కాదు గానీ, తేడా ఏ పాటిదో తెలియడానికి ఈ అంకెలు చాలు. పైగా ఆ గేమ్‌కి డైరెక్ట్‌ఎక్స్ 12 (గేమ్‌కీ గ్రాఫిక్స్‌కీ మధ్య మాట కలిపే విండోస్ సాఫ్ట్‌వేర్) కావాలి, 12జీబీ ర్యామ్ కావాలి, ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కన్నా చాలా వేగంగా ఉండే చిప్‌ల డిస్క్) కావాలి. మీ గ్రాఫిక్స్ చిప్ ఫెర్మీ అనే పాత కుటుంబానిది. ఆ కుటుంబానికి తయారీదారు ఎన్‌విడియా మామూలు డ్రైవర్లు (చిప్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) ఇవ్వడం 2018లోనే మానేసింది. ఇంకా కొత్త గేమ్‌ల సంగతైతే చెప్పక్కర్లేదు. 2024లో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్, 2025లో వచ్చిన డూమ్: ద డార్క్ ఏజెస్ రే ట్రేసింగ్ (వెలుగునీడల్ని నిజంలా లెక్కగట్టడం) చేయగల కార్డు లేకపోతే మొదలే కావు. ఐ7 వేసినా, ఐ7 నెత్తిన ఇంకో ఐ7 పెట్టినా మీ గ్రాఫిక్స్ చిప్‌లో ఒక్క కోరు పెరగదు. ఐ7 లోపల కూడా సొంత గ్రాఫిక్స్ ఉంటుందిగా అంటారేమో, ఉంటుంది. మీ ఐ5లో ఉన్న హెచ్‌డీ 4000నే అందులోనూ ఉంటుంది.

ఇదంతా పుస్తకాలు చూసి చెబుతున్నానని అనుకోవద్దు. ఇదే తరం ల్యాప్‌టాప్ నా దగ్గరా ఉండేది. దాంట్లో ఐ5 తీసి ఐ7-3632క్యూఎం నేనే వేసుకున్నాను. వెనక మూత తీస్తే రాగి గొట్టంతో హీట్‌సింక్, అంటే ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు బిళ్ల, కనిపిస్తుంది. దాని స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని చెక్కి ఉంటుంది. బిగించేటప్పుడు ఆ వరసలో, విప్పేటప్పుడు వెనక నుంచి, ఒక్కోటి కొంచెం కొంచెంగా. లేపి చూస్తే లోపల ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కి అందించే థర్మల్ పేస్ట్ ఎండి, పాత గోడ సున్నంలా పెచ్చులు పెచ్చులుగా రాలింది. డెస్క్‌టాప్‌లో ఉన్నట్టు ఈ సాకెట్‌కి మీట ఉండదు. పక్కన ఒక గుండ్రటి స్క్రూ, దాని దగ్గర తెరిచిన తాళం బొమ్మ, మూసిన తాళం బొమ్మ. బద్ద స్క్రూడ్రైవర్‌తో అర తిప్పు తిప్పితే ప్రాసెసర్ చేతికొచ్చేస్తుంది. కింద 988 కాళ్లు, ఒక్కోటి వెంట్రుకంత. ఒక్కటి వంగినా సూది మొనతో నిలబెట్టుకుంటూ కూర్చోవాలి. మూలన ఉన్న చిన్న త్రికోణాన్ని సాకెట్ మీది గుర్తుకు కలిపి పెడితే తనంతట తనే దిగిపోతుంది, నొక్కకూడదు.

అన్నీ పద్ధతిగా చేశాను. బియ్యపు గింజంత పేస్ట్ పెట్టాను, హీట్‌సింక్ బిగించాను, మూత వేసి పవర్ బటన్ నొక్కాను. ఫ్యాన్ తిరిగింది, స్క్రీన్ నల్లగా ఉంది. రెండు క్షణాలకు ఆరిపోయి మళ్లీ తనే వెలిగింది. మళ్లీ ఆరింది. గంటసేపు చెమటలు పట్టాయి. బయోస్‌ని (ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) తిట్టాను, ర్యామ్ తీసి తుడిచి పెట్టాను, పాడైన ప్రాసెసర్ అంటగట్టాడని అమ్మినవాణ్ని మనసులో కడిగేశాను. తీరా మళ్లీ విప్పి చూస్తే ఆ తాళం స్క్రూ తెరిచిన బొమ్మ దగ్గరే ఉంది. అర తిప్పు మరిచిపోయానన్నమాట.

మరి ఫలితం? రెండు కోర్లు నాలుగయ్యాయి, ఒకేసారి చేసే పనులు నాలుగు నుంచి ఎనిమిదయ్యాయి. జీటీఏ సిటీలో గతుకులు నిజంగానే తగ్గాయి, ఆ గేమ్‌కి కోర్ల ఆకలి ఎక్కువ. వీడియో మార్చే పనులు చకచకా అయ్యాయి. ఊరు దాటి ఎడారి రోడ్డు ఎక్కితే మాత్రం ముందు ఎంత వచ్చేదో తర్వాతా అంతే. అక్కడ చెమటోడ్చేది గ్రాఫిక్స్ కదా. ఫ్యాన్ మోత మాత్రం పక్క గదిలోకీ వినపడేది.

మీ విషయానికొస్తే నేను ముందు చేయించేది క్లీనింగ్. ఇన్నేళ్లలో ఒక్కసారీ విప్పకపోతే ఫ్యాన్‌కీ రాగి రెక్కలకీ మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంటుంది. వేడి హద్దు దాటితే ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించేసుకుంటుంది. చల్లబడ్డ పాత ఐ5 కన్నా ఉడికిపోతున్న ఐ7 వల్ల ఒరిగేదేమీ లేదు. దాంతోపాటే రెండో స్లాట్‌లో ఇంకో 4జీబీ డీడీఆర్3 ర్యామ్ వేయండి. 8జీబీ అవడం ఒక లాభం, జంటగా ఉంటే ర్యామ్ నుంచి డేటా రెండు దారుల్లో రావడం ఇంకో లాభం. ఆ తర్వాత హార్డ్‌డిస్క్ స్థానంలో రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ. ఎస్‌ఎస్‌డీతో ఎఫ్‌పీఎస్ పెరుగుతుందని ఆశ పెట్టుకోకండి, లోడింగ్ నిరీక్షణ, ఆ ఠక్కున ఆగడం తగ్గుతాయి. రేపు ఈ ల్యాప్‌టాప్ మూలన పడ్డా ఎస్‌ఎస్‌డీని తీసి వేరేచోట వాడుకోవచ్చు. ఐ7కి ఆ యోగం లేదు, ఆ సాకెట్ ఉన్న కొత్త మెషీన్ ఎక్కడా రాదు.

ఇవన్నీ అయ్యాక మళ్లీ ఆ 800×600 పరీక్ష పెట్టి, అప్పటికీ దోషి ప్రాసెసరే అని తేలితే, ఐ7 చవగ్గా దొరికితే, సరే వేయించుకోండి. కానీ ఏ ఐ7 పడితే అది కాదు. 3610క్యూఎం 45 వాట్ల వేడి పుట్టించేది. మీ హీట్‌సింక్ 35 వాట్ల ఐ5కి కొలిచి పెట్టింది. 3632క్యూఎం నాలుగు కోర్లదే అయినా 35 వాట్లలోనే సర్దుకుంటుంది, నేను దాన్నే ఏరుకున్నది అందుకే. ఛార్జర్ మీది లేబుల్ కూడా చదవండి. 19 వోల్టులు, 3.42 ఆంపియర్లు అని ఉంటే అది 65 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకేసారి లాగితే ఆయాసపడుతుంది. 4.74 ఆంపియర్లు ఉంటే 90 వాట్లు, అప్పుడు నయం. బయోస్ అప్‌డేట్ ఉంటే పాత ప్రాసెసర్ ఉండగానే చేయించాలి. కొత్తది గుర్తుపట్టకపోతే తెర మీద ఏమీ రాదు, ఇక అప్‌డేట్ ఎక్కడ చేస్తారు? సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు పైన ‘ఇంటెల్ కాన్ఫిడెన్షియల్’ అని ముద్ర ఉంటే అది పరీక్షల కోసం తయారైన శాంపిల్. ముట్టుకోవద్దు.

సైబర్‌పంక్ మాత్రం ఈ ల్యాప్‌టాప్‌లో ఆడదు. ఇంటర్నెట్ గట్టిగా ఉంటే క్లౌడ్ గేమింగ్ ఉంది, గేమ్ ఎక్కడో సర్వర్‌లో ఆడి మీకు వీడియోగా వస్తుంది. అది మీ ల్యాప్‌టాప్‌ని కాదు, మీ నెట్‌నే పరీక్షిస్తుంది. అందాకా 2011 నాటి పోర్టల్ 2, స్కైరిమ్, తర్వాత వచ్చినా తేలిగ్గా నడిచే స్టార్‌డ్యూ వ్యాలీ, హాలో నైట్ ఆడి చూడండి. పోర్టల్ 2 ఇంకా ఆడలేదంటే నాకు మీమీద కొంచెం అసూయే.

ప్రశ్న: నాది ఐ7-5500యూ, తమ్ముడిది ఐ5-8250యూ. గేమ్‌లు వాడి దాంట్లోనే బాగా ఆడుతున్నాయి. ఐ7 పెద్దది కదండీ, నాది నకిలీయా?

జవాబు: అసలుదే. ఐ5, ఐ7 అన్నవి ఆ తరంలోపల వరసలు మాత్రమే. మీ ఇద్దరి నంబర్లలో గీత తర్వాత మొదటి అంకె తరం చెబుతుంది. మీది ఐదో తరం, రెండు కోర్లు. తమ్ముడిది 2017లో వచ్చిన ఎనిమిదో తరం, నాలుగు కోర్లు. ఎనిమిదో తరంలోనే ‘యూ’ ప్రాసెసర్లకు నాలుగు కోర్లు వచ్చాయి. రెండూ సోల్డర్ చేసినవే, కాబట్టి మార్చుకుందామన్న ఆలోచన ఇద్దరూ మానుకోండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకునే ఇంటెల్ ప్రాసెసర్లు, కొన్ని మినహాయింపులు పక్కన పెడితే, ఎనిమిదో తరం నుంచే. అందులోనూ తమ్ముడే గెలిచాడు.

ప్రశ్న: పాత డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఖాళీగా పడి ఉంది. ల్యాప్‌టాప్‌లో పెట్టుకోవచ్చా?

జవాబు: కుదరదండీ. సాకెట్ వేరు, కరెంటు వేరు, వేడి వేరు. క్లీవో లాంటి కంపెనీలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లు పట్టే ల్యాప్‌టాప్‌లు చేసిన మాట నిజమే. అవి ఇటుకల్లా ఉండేవి, వాటి ఛార్జర్లు ఇంకో ఇటుక. మీది సంచిలో పెట్టుకుని తిరిగేదైతే అది కాదు.