డిస్నీ వరల్డ్‌లో పిల్లలతో భోజనాలు: ఎంత పక్కన పెట్టుకోవాలి?

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం, ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. మార్చి 14 నుంచి 4 రాత్రులకి ఓర్లాండోలో డిస్నీ వాళ్ళ హోటల్లోనే రెండు గదులు తీసుకున్నాం. పాపకి 5 ఏళ్ళు. బాబుకి అప్పటికి 2 ఏళ్ళ 10 నెలలు ఉంటాయి. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు, మామగారు కూడా వస్తున్నారు, ఇద్దరూ శాకాహారులు. "తిండికే 2,000 డాలర్లు అవుతుంది, డైనింగ్ ప్లాన్ కొనేయండి" అంటున్నారు వెళ్ళొచ్చిన స్నేహితులు. పాపకేమో మిక్కీతో కలిసి భోంచేయాలని ఉంది. ఎంత పక్కన పెట్టుకోవాలి? ప్లాన్ కొనాలా? స్కూలు సెలవులని ట్రిప్ జూన్‌కి మార్చుకుంటే నష్టమా?

జవాబు: ముందు జూన్ సంగతి తేల్చేద్దాం. మార్చొద్దు. డిస్నీ వరల్డ్‌లో 3 ఏళ్ళు నిండని పిల్లలకి పార్కు టికెట్ అక్కర్లేదు. బఫేల్లో, అందరికీ కలిపి వడ్డించే చోట్ల వాళ్ళ భోజనానికి డబ్బు తీసుకోరు. మామూలు రెస్టారెంట్లలో మీ ప్లేటులోంచి తినిపించుకోవచ్చు. 3 నుంచి 9 ఏళ్ళ వరకు పిల్లల ధర, 10 నుంచి పెద్దల ధర. జూన్‌కి బాబుకి మూడు నిండిపోతాయి. అప్పుడు 4 రోజుల టికెట్టే కొన్ని వందల డాలర్లు, దానిమీద ప్రతి బఫేలో ఇంకో పిల్లల ప్లేటు. ఒకటి మాత్రం మర్చిపోకండి: డబ్బు కట్టకపోయినా రెస్టారెంటు బుకింగ్‌లో బాబుని లెక్కలో చూపించాలి. ఐదుగురని బుక్ చేసి ఆరుగురు వెళ్తే బల్ల దగ్గర ఇబ్బంది పడేది మీరే.

ఇప్పుడు డైనింగ్ ప్లాన్, అంటే భోజనాలకి ముందే డబ్బు కట్టేసే పథకం. ఇందులో రెండు రకాలున్నాయి. క్విక్ సర్వీస్ ప్లాన్‌లో హోటల్లో ఉన్న ఒక్కో రాత్రికి మనిషికి రెండు కౌంటర్ భోజనాలు (కౌంటర్ దగ్గర మనమే తెచ్చుకు తినేవి), ఒక చిరుతిండి వస్తాయి. పెద్దవాళ్ళకి రాత్రికి సుమారు 60 డాలర్లు, పిల్లలకి సుమారు 25. రెండో ప్లాన్‌లో ఒక కౌంటర్ భోజనం, ఒక కూర్చుని తినే భోజనం, ఒక చిరుతిండి. పెద్దలకి సుమారు 100, పిల్లలకి సుమారు 30. రేట్లు ఏటా మారతాయి కాబట్టి కొనేముందు మీ తేదీలకి ఎంత చూపిస్తోందో చూడండి. గదిలో ఉన్న 3 ఏళ్ళు దాటిన వాళ్ళందరూ ఒకే ప్లాన్ తీసుకోవాలి, అదీ ఉన్నన్ని రాత్రులకీ.

మీ నలుగురు పెద్దలకి, పాపకి రెండో ప్లాన్ వేసి చూడండి. పెద్దలకి 1,600, పాపకి 120, మొత్తం 1,720 డాలర్లు. టిప్పులు ఇందులో ఉండవు. ఈ డబ్బు గిట్టుబాటు కావాలంటే నాలుగు రోజులూ రోజుకొకసారి కుటుంబమంతా బల్ల ముందు గంటన్నర కూర్చోవాలి. రెండేళ్ళ పిల్లాడితో అది ఒక రోజు సాగుతుంది, రెండో రోజు సాగదు. మిగిలిన క్రెడిట్లు, అంటే వాడుకోని భోజనాలు, హోటల్ ఖాళీ చేసిన రోజు అర్ధరాత్రితో చెల్లిపోతాయి. అందుకే చివరి రోజు జనం అక్కర్లేని తినుబండారాలు సంచులకొద్దీ కొంటుంటారు. క్విక్ సర్వీస్ ప్లాన్ 1,060 డాలర్లు అవుతుంది గానీ మిక్కీ భోజనం అందులోకి రాదు. పైగా మీ అత్తమామలు అక్కడి శాకాహారం రోజుకి 60 డాలర్లంత తింటారని నేననుకోను. మీకు రెండు ప్లాన్లూ వద్దు. ఏటా వచ్చే ఆఫర్లలో పాపకి ప్లాన్ ఉచితమన్నా సరే, ముందు పెద్దల నలుగురి ఖర్చూ లెక్కేయండి. భారమంతా అక్కడే ఉంది.

మరి ఎంత అవుతుంది? ఒక మామూలు రోజు తీసుకుందాం. పొద్దున గదిలో పాలు, సీరియల్, బ్రెడ్, పళ్ళు: ఆరుగురికి 15 డాలర్లు. కిరాణా ఓర్లాండోలో దిగిన రోజే హోటల్‌కి తెప్పించుకోండి. మామూలు గదుల్లో చిన్న ఫ్రిజ్ ఉంటుంది. మైక్రోవేవ్ సాధారణంగా ఉండదు, వేడి చేసుకోవాలంటే హోటల్ ఫుడ్ కోర్టుకి వెళ్ళాలి. మధ్యాహ్నం కౌంటర్‌లో పెద్దవాళ్ళకి 16 చొప్పున, పాపకి 9 వేసుకుంటే 73, పన్నుతో 78. కౌంటర్ దగ్గర టిప్పు అక్కర్లేదు. రాత్రికీ అంతే. ఐస్‌క్రీం, పాప్‌కార్న్ లాంటివి 30. అన్నీ కలిపి రోజుకి సుమారు 200, నాలుగు రోజులకి 800.

ఇందులో ఒక్క పెద్ద ఖర్చు పెట్టండి, అది పాప కోరిక. డిస్నీ వాళ్ళదే కంటెంపరరీ అనే హోటల్లో షెఫ్ మిక్కీస్ అనే బఫే ఉంది, అక్కడ మిక్కీ, స్నేహితులు బల్లల దగ్గరికే వస్తారు. పార్కు లోపల కాదు కాబట్టి పార్కు టికెట్ అక్కర్లేదు. మిక్కీ లాంటి డిస్నీ పాత్రలొచ్చే ఇలాంటి బఫేల్లో పెద్దలకి 50 నుంచి 70 డాలర్లు, పిల్లలకి 30 నుంచి 45 వరకు ఉంటాయి. టిఫిన్ ధర రాత్రి భోజనం కంటే తక్కువ. మీ లెక్కకి పెద్దలకి 60, పాపకి 38 అనుకుందాం. నలుగురికి 240, పాపకి 38, బాబుకి సున్నా. మొత్తం 278. అక్కడి అమ్మకం పన్ను 6.5 శాతం, అంటే 18. టిప్పు 18 శాతం, అంటే 50. చేతినుంచి పోయేది 346. ఇక్కడే చాలామంది బడ్జెట్ తప్పుతుంది. కూర్చుని తినే ఏ చోటైనా మెనూలో కనిపించిన మొత్తానికి పావు వంతు కలిపి రాసుకోండి.

ఆ టిప్పు గురించి ఇంకో మాట. ఆరుగురు, ఆపైన ఉన్న బల్లకి 18 శాతం గ్రాట్యుటీ వాళ్ళే బిల్లులో వేసేస్తారు. మీరు సరిగ్గా ఆరుగురు. బిల్లు కింద మళ్ళీ టిప్పు రాయడానికి ఖాళీ గీత ఉంటుంది. ఒళ్ళో పిల్లాడు ఏడుస్తుంటే పైన చూడకుండా ఆ గీత మీద ఇంకో 50 రాసి సంతకం పెట్టేస్తారు. సంతకానికి ముందు "గ్రాట్యుటీ" అన్న వరుస వెతకండి. అది ఉంటే ఖాళీ గీతని ఖాళీగానే వదిలేయొచ్చు.

ఈ భోజనాన్ని మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకి వెళ్ళే రోజున, పదిన్నర ప్రాంతంలో పెట్టుకోండి. పార్కు తెరవగానే వెళ్ళి, రద్దీ లేనప్పుడే పిల్లల రైడ్లు కొన్ని ఎక్కించి, బయటికొచ్చి నడిస్తే కంటెంపరరీ పది నిమిషాల దూరం. మామగారికి నడక కష్టమైతే మోనోరైలు ఉంది. ఈ ఒక్క పూటతో టిఫిన్, మధ్యాహ్న భోజనం రెండూ తీరతాయి, కాబట్టి 346లోంచి ఆ రోజు మిగిలే 93 తీసేయొచ్చు. తిన్నాక బాబు స్ట్రోలర్‌లో నిద్రపోతాడు. అదే టికెట్‌తో మళ్ళీ పార్కులోకి వెళ్ళొచ్చు. బుకింగ్ ఉన్నా బల్ల దొరకడానికి పావుగంట, అరగంట పడుతుంది. అందుకని బాబుకి బయల్దేరేముందు ఒక అరటిపండు పెట్టండి. అంతకుమించి వద్దు, పాపకైతే అసలు వద్దు. కూర్చున్నాక బాబుని పాత్రలు వచ్చే దారివైపు ముఖం ఉండేలా కూర్చోబెట్టండి. ఈ వయసు పిల్లలు వెనకనుంచి అంత పెద్ద తలకాయ మీదకి వస్తే హడలిపోతారు, దూరం నుంచి వస్తుంటే చూసి అలవాటు పడతారు. ఎవరైనా పాత్ర మీ బల్లకి రాలేదనిపిస్తే వడ్డించేవాళ్ళని అడగండి. మొహమాటపడి లేచిపోతే ఆ 346కి అర్థం లేదు.

బుకింగ్ 60 రోజుల ముందు తెరుస్తారు. మార్చి 14కి లెక్కేస్తే అది జనవరి 13. వాళ్ళ హోటల్లో దిగుతున్నారు కాబట్టి ఆ ఒక్క ఉదయమే మీ అన్ని రోజులకీ బుక్ చేసుకోవచ్చు. ఓర్లాండో కాలమానంలో ఉదయం 6 గంటలకి, అంటే డల్లాస్‌లో 5 గంటలకి మొదలవుతుంది. షెఫ్ మిక్కీస్‌ని ట్రిప్‌లో చివరి రోజుల్లో వెతకండి. బయటి హోటళ్ళలో దిగేవాళ్ళకి ఆ తేదీలు ఇంకా తెరుచుకోవు, కాబట్టి మీకు పోటీ తక్కువ. దొరికిన రోజుని బట్టే ఏ రోజు ఏ పార్కో నిర్ణయించుకోండి, ముందే పార్కులు ఖాయం చేసుకుని బల్ల కోసం వెతికితే దొరకదు. బుకింగ్‌కి కార్డు వివరాలు అడుగుతారు. చెప్పకుండా మానేస్తే సాధారణంగా మనిషికి 10 డాలర్లు, మీకు 60 దాకా పోవచ్చు. చాలా చోట్ల 2 గంటల ముందు రద్దు చేస్తే చాలు, కొన్నిచోట్ల గడువు ఎక్కువ. గడువు ఎంతో బుకింగ్ మెయిల్‌లో రాసుంటుంది. హూప్ డీ డూ మ్యూజికల్ రెవ్యూ లాంటి విందు ప్రదర్శనలకి మొత్తం డబ్బు ముందే కట్టాలి. ఈ వయసు పిల్లలున్నప్పుడు అలా ముందే కట్టేసే వాటి జోలికి పోకపోవడమే మంచిది. మధ్యాహ్నం ఒకరికి జ్వరం తగిలితే అంతా పోయినట్టే.

మీ అత్తమామల కోసం ఒక పూట సనా అనే రెస్టారెంటులో పెట్టండి. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ హోటల్లో, కిడానీ విలేజ్ వైపు ఉంటుంది. ఆఫ్రికా వంటకి మన మసాలాలు కలిపిన మెనూ. బ్రెడ్ సర్వీస్ అని నాన్ లాంటి రొట్టెలు, రకరకాల చట్నీలు కలిపి తెస్తారు, పంచుకుని తినొచ్చు. దీనికీ టికెట్ అక్కర్లేదు. యానిమల్ కింగ్‌డమ్ పార్కుకి వెళ్ళిన రోజే ఇది పెట్టుకుంటే పార్కు నుంచి ఆ హోటల్‌కి బస్సు ఉంటుంది. వేరే రోజు పెట్టుకుంటే మీ హోటల్ నుంచి నేరుగా బస్సు ఉండకపోవచ్చు, ఆరుగురికి పట్టే టాక్సీ, పిల్లల కారు సీట్లు, అదొక ఖర్చు. చీకటి పడకముందు వెళ్ళండి, కిటికీల్లోంచి జిరాఫీలు కనిపిస్తాయి. పెద్దలకి 25, పాపకి 12 చొప్పున 112, పన్ను, టిప్పు కలిపితే 139. మామూలు రాత్రి భోజనం కంటే 61 ఎక్కువ.

మొత్తం కూడితే: 800లోంచి 93 తీసి 346 కలిపితే 1,053. సనాకి 61 కలిపితే 1,114. అనుకోని వాటికి పదో వంతు వేస్తే 1,225. మీరు 1,250 పెట్టుకోండి. ఆగస్టు నుంచి ఫిబ్రవరి వరకు నెలకి 180 చొప్పున విడి సేవింగ్స్ ఖాతాలోకి, జీతం పడ్డ మర్నాడే ఆటోమేటిక్‌గా వెళ్ళేలా పెట్టేస్తే 1,260 అవుతుంది. ట్రిప్‌లో క్రెడిట్ కార్డు వాడండి, తిరిగొచ్చాక ఆ ఖాతాలోంచే బిల్లు మొత్తం కట్టేయండి. కార్డు బాకీ మీద 20 శాతం పైన వడ్డీ పడే రోజులివి, ఐస్‌క్రీం మీద వడ్డీ కట్టే పరిస్థితి తెచ్చుకోకండి. హోటల్లో గది ఖాతాకి ఖర్చు రాయించుకునే సదుపాయం ఉంది. వాడితే ప్రతి రాత్రీ డిస్నీ యాప్‌లో ఆ రోజు మొత్తం ఎంతయిందో చూసుకోండి.

రోజుకి 200 దాటకుండా చూసేది గడియారం. పిల్లలకి ఆకలి వేశాక వెతుక్కుంటే, ఎదురుగా ఏ బండి ఉంటే దాని దగ్గరే కొంటారు. మై డిస్నీ ఎక్స్‌పీరియెన్స్ యాప్‌లో మొబైల్ ఆర్డర్ ఉంది. 11:15కి తీసుకునేలా పొద్దున్నే అందులో ఆర్డర్ పెట్టేయండి, కౌంటర్ దగ్గరికి వచ్చాక "వచ్చేశాం" అని నొక్కితేనే వంట మొదలవుతుంది. 12 నుంచి 1:30 మధ్య కూర్చోడానికి చోటు కూడా కష్టం. చల్లటి పానీయాలు పోసే కౌంటర్లన్నిటి దగ్గరా గ్లాసుడు ఐస్ నీళ్ళు అడిగితే ఉచితంగా ఇస్తారు. సీసా నీళ్ళు 4 డాలర్లు అనుకున్నా, ఆరుగురికి రోజుకి రెండేసి చొప్పున నాలుగు రోజులకి 192. హోటల్లో అమ్మే రీఫిల్ మగ్గు (పానీయాలు మళ్ళీ మళ్ళీ నింపుకునేది) మీకొద్దు, నాలుగు పార్కుల్లో అది చెల్లదు.

బయటి తిండి లోపలికి తీసుకెళ్ళొచ్చు, ఇది మన పెద్దవాళ్ళకి పెద్ద ఊరట. అయితే వేడి చేయాల్సినవి, ఫ్రిజ్‌లో ఉండాల్సినవి, ఘాటైన వాసన వచ్చేవి, గాజు సీసాలు తేకూడదు (చిన్నపిల్లల ఆహారం సీసాలకి మినహాయింపు ఉంది). చపాతీలు, అటుకుల చుడువా, జంతికలు హాయిగా వెళ్తాయి. చింతపండు పులిహోర మధ్యాహ్నం దాకా నిలుస్తుంది, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. ఆవకాయ, వెల్లుల్లి కారం గదిలోనే వదిలేయండి. తిండి సంచి విడిగా, పైన పెట్టుకుంటే తనిఖీ దగ్గర ఆలస్యం కాదు. బాబుకి అన్నం వెచ్చచేయాలంటే నాలుగు పార్కుల్లోనూ బేబీ కేర్ సెంటర్లున్నాయి. మైక్రోవేవ్, హై చెయిర్లు ఉంటాయి, డబ్బు కట్టక్కర్లేదు.

రెస్టారెంట్లలో వెజిటేరియన్ అని చెప్పి ఊరుకోకండి. అన్నం, సూపు చికెన్ స్టాక్‌తో చేశారా, గుడ్డు ఉందా, వేపుడు నూనె ఉమ్మడిదా అని విడివిడిగా అడగండి. బుకింగ్‌లోనే రాసి పెడితే షెఫ్‌తో మాట్లాడే అవకాశం ఉంటుంది. మెనూలు, ధరలు డిస్నీ సైట్‌లో ముందే కనిపిస్తాయి. ఫిబ్రవరి చివర్లో ఒకసారి తెరిచి, నేను వేసిన 60, 38, 25, 16 అంకెల చోట అప్పటి ధరలు పెట్టి కూడండి. తేడా 100 దాటితే చిరుతిళ్ళ 30ని తగ్గించండి గానీ మిక్కీ పూటని కదపొద్దు.