రొయ్యలు చావట్లేదు, పెరగట్లేదు: ఫంగస్ మందు కొనాలా?

వెనామీ రకం రొయ్య వేసి 70 రోజులైనా కౌంట్ (కిలోకి తూగే రొయ్యల సంఖ్య) 180 దగ్గరే ఆగిందని, చావులు మాత్రం లేవని, షాపులో ఫంగస్ అని చెప్పి పౌడర్ ఇస్తున్నారని, వాడమంటారా అని అడిగారు.

వద్దండి. ముందు నాలుగు రొయ్యలు ల్యాబ్‌కి పంపి పీసీఆర్ (జబ్బు క్రిమి జన్యువుని పట్టే పరీక్ష) చేయించండి. మీరు చెప్పినదాన్ని బట్టి నాకు ఈహెచ్‌పీ మీదే అనుమానం, అంటే రొయ్య కాలేయంలో చేరి ఎదుగుదల ఆపే సూక్ష్మజీవి. భీమవరం వైపు మా లీజు చెరువులో ఇదే వచ్చింది.

షాపతను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. ఈహెచ్‌పీ మైక్రోస్పోరిడియా జాతిది, అంటే ఫంగస్‌కి దగ్గరి చుట్టమే. థాయ్‌లాండ్ టైగర్ రొయ్యల్లో దీన్ని గుర్తించి 2009లో పేరు పెట్టారు. కానీ చుట్టరికం ఉంది కదా అని ఫంగస్ మందుకి లొంగదు. దీని స్పోరు (విత్తనం లాంటి కణం) మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు సైజులో ఉంటుంది. సన్నటి గొట్టాన్ని రొయ్య కాలేయంలోని కణంలోకి గుచ్చి, లోపలి సరుకంతా అందులోకి దింపేస్తుంది. ఆ తర్వాత కణం లోపలే కాపురం. నీళ్లలో చల్లినా మేతలో కలిపినా దాన్ని వదిలిస్తుందని రుజువైన మందు ఇప్పటిదాకా లేదు.

మా చెరువులో ముందు తేడా తెలిసింది చెక్ ట్రేలో, అదే మేత తిన్నాయో లేదో చూడ్డానికి చెరువులో దించే పళ్లెంలో. మేత మిగులుతోంది. ఒకే ట్రేలో 12 గ్రాముల రొయ్య, దాని పక్కనే 4 గ్రాములది. తర్వాత గాలివాటు మూలన తెల్లటి దారపు ముక్కల్లా మలం తేలింది. పట్టుకుని నొక్కితే పెంకు లూజుగా ఉంది. అలాగని తెల్ల మలం కనపడితేనే ఈహెచ్‌పీ అనుకోకండి. అది లేకుండా కూడా ఎదుగుదల ఆగిపోతుంది. తెల్ల మలం కనపడినప్పుడు చాలాసార్లు విబ్రియో బాక్టీరియా కూడా తోడై ఉంటుంది.

చావులు లేకపోవడమే ఇందులో అసలు చిక్కు. రొయ్యల్ని చంపేసే వైట్ స్పాట్ వైరస్ వస్తే రైతు వెంటనే పట్టుబడికి దిగుతాడు. ఇక్కడ రొయ్య బతికే ఉంటుంది కాబట్టి ఇంకో పది రోజులు చూద్దాం అంటూ మేత వేస్తూనే ఉంటాం. పీసీఆర్ పాజిటివ్ అని తేలితే వారంలో వేసిన మేత ఖర్చు, విసురు వలతో తూచిన ఎదుగుదల పక్కపక్కన రాసి చూడండి. పెరిగిన బరువు మేత డబ్బు కూడా తేవట్లేదంటే రొయ్య చిన్నగా ఉన్నా పట్టేయడమే మేలు. మేం అలాగే పట్టేశాం. రేటు చూసి మా అన్నయ్యకి రెండు రోజులు అన్నం సయించలేదు కానీ, మేత బాకీ మాత్రం అక్కడితో ఆగింది.

డబ్బు పెట్టాల్సింది తర్వాతి పంటకి. సీడు (రొయ్య పిల్లలు) దించే ముందు హేచరీవాళ్లని పీసీఆర్ రిపోర్టు అడగండి, కుదిరితే మీరే శాంపిల్ ఇచ్చి చేయించండి. శుభ్రమైన తల్లి రొయ్యలు దిగుమతి చేసుకున్నా, హేచరీలో వాటికి పచ్చి పాలీకీట్ పురుగులు మేపితే జబ్బు ఆ దారిన రావచ్చు. అందుకే పురుగులు ఫ్రీజ్ చేసి వాడుతున్నారా అనీ అడగండి. ఇలా అడిగితే కొందరు ముఖం మాడ్చుకుంటారు, పట్టించుకోకండి.

చెరువు ఎండబెట్టి, 10-12 సెంటీమీటర్ల లోతు దున్ని, హెక్టారుకి 6 టన్నుల చొప్పున సున్నం వేయాలి. ఎకరానికి సుమారు రెండున్నర టన్నులు. నీళ్లు తగిలితే పొగలు కక్కే క్విక్ లైమే కావాలి, మామూలు వ్యవసాయ సున్నం కాదు. వేశాక మట్టి తడపాలి, పీహెచ్ 12కి చేరితేనే స్పోర్లు చస్తాయి. ఆ తర్వాత వారం ఆరనివ్వాలి. ఖర్చు ఎక్కువే.

ఇప్పుడున్న నీళ్లు మాత్రం బ్లీచింగ్ చేయకుండా కాలవలోకి వదలొద్దు. పక్క చెరువులవాళ్లు తోడుకునేది ఆ కాలవలోంచే కదా, వాళ్లకి ముందే ఒక మాట చెప్పండి.