స్టెంట్ ధర బిల్లులో విడిగా చూపించాల్సిందే

ప్రశ్న: మాది చీమకుర్తి. నడిస్తే ఛాతీ పట్టేస్తోందని పోయిన దసరాకు ముందు నాన్నను నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. రెండు స్టెంట్లు (గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టాలు) వేసి, ప్యాకేజీ అంటూ 2,40,000 రూపాయలు కట్టించుకున్నారు. బిల్లులో స్టెంట్ ధర ఎక్కడా లేదు. తర్వాత ఒంగోలులో ఇంకో డాక్టరు రిపోర్టులు చూసి, మందులతోనే సరిపోయేదేమో అన్నారు. అది విన్నప్పటి నుంచి నాన్న మాత్రలు కూడా మానేస్తానంటున్నారు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. అయితే మీరు రాసినదాంట్లో రెండు తగాదాలున్నాయి. ఒకటి బిల్లుది, రెండోది వైద్యానిది. రెండూ కలిపేస్తే గట్టిగా ఉన్నది కూడా బలహీనపడుతుంది.

ముందు బిల్లు. జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ 2017 ఫిబ్రవరిలో స్టెంట్లకు గరిష్ఠ ధర పెట్టింది. మందు పూత ఉన్నదానికి అప్పట్లో 29,600 రూపాయలు, పూత లేనిదానికి 7,260. ఆ తర్వాత ఈ ధరలు మారుతూ వచ్చాయి. మీ నాన్నగారికి ఆపరేషన్ జరిగిన రోజున అమల్లో ఉన్న ధర ఆ సంస్థ వెబ్‌సైటులో చూసుకోండి. స్టెంట్ ధర, బ్రాండ్, కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు బిల్లులో విడిగా రాయాలని కూడా ఆ ఉత్తర్వులోనే ఉంది. ప్యాకేజీ అన్న ఒక్క మాటతో దాన్ని దాటేయడానికి వీల్లేదు. అలాగని మొత్తం బిల్లు ఎక్కువైందన్నదొక్కటే నేరం కాదు. ఆ పరిమితి స్టెంట్‌కే తప్ప గది అద్దెకు, డాక్టరు ఫీజుకు వర్తించదు.

అందుకని రేపే ఆసుపత్రికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి. విడివిడిగా రాసిన బిల్లు, కేస్ షీటు, యాంజియోగ్రామ్ సీడీ, స్టెంట్ బాక్సు మీది స్టిక్కర్ కాపీ అడగండి. వైద్య రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల ప్రవర్తనా నియమాల్లో 2002 నుంచీ ఉంది.

ధర ఎక్కువ వేశారని తేలితే ధరల సంస్థకు ఫిర్యాదు చేయొచ్చు. కానీ ఆ సంస్థ వసూలు చేసే సొమ్ము ప్రభుత్వానికి పోతుంది, మీ చేతికి రాదు. ఈ సంగతి చాలామందికి తెలియక ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు. మీ డబ్బు మీకు రావాలంటే వినియోగదారుల కమిషన్‌కే వెళ్లాలి. దానికి నెల్లూరు తిరగక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు నివసించే జిల్లాలోనే, అంటే ఒంగోలులోనే వేసుకోవచ్చు. మీరు కట్టింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు మాత్రం రెండేళ్లే.

ఇక వైద్యం సంగతి. గుండెపోటు వచ్చినప్పుడు వెంటనే వేసే స్టెంట్ ప్రాణం నిలబెడుతుంది, అందులో సందేహం లేదు. నడిస్తేనే వచ్చే స్థిరమైన నొప్పి విషయం వేరు. సుమారు 5 వేల మంది మీద చేసి 2020లో ప్రచురించిన ఇస్కీమియా అనే అధ్యయనంలో, మొదటే స్టెంట్ లేదా బైపాస్ వైపు వెళ్లినవారికీ, మందులతో మొదలుపెట్టినవారికీ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నొప్పి తగ్గడంలో మాత్రం మొదటివారికే మేలు జరిగింది. కాబట్టి నొప్పి కోసం వేశామని ఆసుపత్రి చెబితే అది కొట్టిపారేయదగ్గ మాట కాదు. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, మరో డాక్టరు వేరే దారి ఎంచుకునేవారు అన్నంత మాత్రాన నిర్లక్ష్యం కిందికి రాదు. నేను అడిగేది ఒక్కటే: మందుల దారి కూడా ఉందని ఆపరేషన్‌కు ముందు మీకు చెప్పారా? ప్రత్యామ్నాయాలు చెప్పకుండా తీసుకున్న సంతకం సరైన సమ్మతి కాదని 2008లో సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు తీర్పు వల్ల తేలుతుంది. సమ్మతి పత్రం కాపీ చేతికొచ్చాకే ఈ రెండో తగాదా గురించి ఆలోచిద్దాం.

నాన్నగారిని మాత్రం మాత్రలు మాననివ్వకండి. స్టెంట్ అవసరమా కాదా అన్నది ఎలా తేలినా, ఇప్పుడది ఆయన గుండెలో ఉంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందులు డాక్టరు చెప్పకుండా ఆపితే స్టెంట్ మూసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఈ రోజే ఆ ఒంగోలు డాక్టరు దగ్గరికే తీసుకెళ్లి, ఆయన నోటితోనే ఈ మాట చెప్పించండి.