గేజ్ తగిలించే ముందు వేడి సంగతి

తమ్ముడూ,

ఐటీఐలో ఏసీ ట్రేడ్ పూర్తిచేసి ఈ వేసవి నుంచి సొంతంగా కాల్స్ చూడబోతున్నావు కాబట్టి ఈ ఉత్తరం. రాగి పైపులు అతికే బ్రేజింగ్, వాటి అంచు విప్పే ఫ్లేరింగ్ నాలుగు నెలల్లో చేతికి అలవాటైపోతాయి. వేడి అంటే ఏమిటో మాత్రం బుర్రకెక్కాలి. అది ఎక్కకపోతే ప్రతి కంప్లయింటుకీ "గ్యాస్ తగ్గింది" అన్న ఒక్క జవాబే వస్తుంది. ఏసీలో వేడిని మోసే గ్యాస్ పెట్రోలులాగా వాడేకొద్దీ అయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు లేకుండా కూలింగ్ తగ్గితే, చాలాసార్లు వేడి పోవాల్సిన దారిలో ఎక్కడో అడ్డం పడి ఉంటుంది. ఆ చోటు పట్టుకోవడమే మన పని.

మొదట వేడినీ ఉష్ణోగ్రతనూ విడదీసి చూడు. పోపు గరిటెలో నూనె 180 డిగ్రీలు ఉంటుంది, కాగులో స్నానం నీళ్ళు 60 డిగ్రీలు ఉంటాయి. వేడి ఎక్కువున్నది కాగులోనే. ఉష్ణోగ్రత, వేడి ఎటు పారుతుందో చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. లీటరు నీళ్ళు ఒక్క డిగ్రీ పెరగాలంటే సుమారు 4.2 కిలోజౌల్స్ కావాలి. 15 లీటర్ల గీజరును 25 నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే 2,200 కిలోజౌల్స్. రెండు కిలోవాట్ల ఎలిమెంటు సెకనుకు రెండు కిలోజౌల్స్ ఇస్తుంది, అంటే పద్దెనిమిది, పంతొమ్మిది నిమిషాలు. "నీళ్ళు ఆలస్యంగా కాగుతున్నాయి" అంటే ముందు ఈ లెక్క వేసి, ఆ తర్వాత వోల్టేజీ చూడు. 230 వోల్టుల ఎలిమెంటుకు 200 మాత్రమే అందితే రెండు కిలోవాట్లు ఒకటిన్నరకు పడిపోతాయి, పని 24 నిమిషాలకు పోతుంది. ఎలిమెంటు మీద పేరుకున్న సున్నం వేడిని మింగేయదు. వేడి నీళ్ళలోకి దిగకుండా అడ్డుపడి ఎలిమెంటునే కాల్చేస్తుంది.

ఇక దాగి ఉన్న వేడి, బడిపుస్తకంలో గుప్తోష్ణం అన్నది. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌల్స్ కావాలి. కరిగినంతసేపూ థర్మామీటరు సున్నా దగ్గరే కూర్చుంటుంది. అదే వేడితో ఆ కిలో నీళ్ళను సున్నా నుంచి 80 డిగ్రీల దాకా తీసుకెళ్ళవచ్చు. ఏసీ కెపాసిటీ చెప్పే మన టన్ను లెక్క ఇక్కడి నుంచే వచ్చింది. 2,000 పౌండ్లు, అంటే 907 కిలోల మంచు 24 గంటల్లో కరుగుతూ లాక్కునే వేడి ఒక టన్ను, సుమారు 3.5 కిలోవాట్లు. ఏసీ ఎంత లాగగలదో తేల్చుకోవడానికి స్టిక్కరు మీది టన్నును కాకుండా నేమ్‌ప్లేట్ మీద వాట్లలో రాసిన కూలింగ్ కెపాసిటీని నమ్ము.

ఈ దాగిన వేడి కోస్తాలో మనల్ని బాగా తికమక పెడుతుంది. రామగుండంలో మే నెల పొడిగాలికి గ్రిల్లు దగ్గర లోపలికెళ్ళే గాలికీ బయటికొచ్చే గాలికీ 12 డిగ్రీల తేడా చూపించే మిషను, విశాఖపట్నంలో ఉక్కపోత రోజున ఎనిమిదే చూపించవచ్చు. మిషను చెడలేదు. గాలిలోని తేమను నీళ్ళుగా మార్చడానికి లీటరుకు దాదాపు 2,450 కిలోజౌల్స్ లాగాలి. డ్రైన్ పైపు కింద మగ్గు పెట్టి పది నిమిషాలు పట్టి చూడు. పావు లీటరు వస్తే గంటకు లీటరున్నర. అంటే ఒక కిలోవాటు కెపాసిటీ ఒక్క నీళ్ళకే పోతోంది. ఐదు కిలోవాట్ల మిషనుకు అది ఐదో వంతు. ఇలాంటి చోట గ్రిల్లు తేడా తక్కువుందని గ్యాస్ ఎక్కించావంటే బాగున్నదాన్ని పాడుచేసినట్టే.

నీళ్ళు విశాఖలో 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. సముద్రమట్టానికి 500 మీటర్ల పైనున్న హైదరాబాదులో 98 చిల్లరకే మరుగుతాయి. గాలి ఒత్తిడి తగ్గితే మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. మన పనంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది. ఏసీల్లో వాడే గ్యాస్ ఆర్-32 మామూలు గాలి ఒత్తిడి దగ్గర మైనస్ 51 డిగ్రీలకే మరుగుతుంది. అదే గేజ్ మీద 123 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్ల ఒత్తిడి) దగ్గర 5 డిగ్రీలకు, 440 దగ్గర 50 డిగ్రీలకు. పాత ఆర్-22 మిషన్లలో 5 డిగ్రీలంటే 70 పీఎస్‌ఐ. కాబట్టి గేజ్ చూసినప్పుడు అంకెను ఒత్తిడిగా చదవకు, గదిలోని యూనిట్ కాయిల్లో (పైపుల చుట్టలో) ద్రవం ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతోందో చదువు. ఆ పట్టిక ఫోన్లో ఉంచుకో.

మిషను ఆపి ఉన్నప్పుడు చూసిన ఒత్తిడితో గ్యాస్ ఎంతుందో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది తప్పు. లోపల కాస్తయినా ద్రవం మిగిలి ఉన్నంతవరకు ఒత్తిడి ఉష్ణోగ్రతనే అనుసరిస్తుంది. 35 డిగ్రీల దగ్గర ఆర్-32 సిలిండరు నిండుగా ఉన్నా, అడుగంటినా గేజ్ 300 పీఎస్‌ఐ చుట్టుపక్కలే నిలబడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, సూపర్‌హీట్. మిషను పదిహేను నిమిషాలు నడవనివ్వు. సక్షన్ ఒత్తిడిని, అంటే కంప్రెసరు పీల్చుకునే వైపు ఒత్తిడిని, డిగ్రీల్లోకి మార్చుకో. సర్వీసు వాల్వు దగ్గర లావు పైపుకు క్లాంపు ప్రోబ్ తగిలించి, పైన ఇన్సులేషన్ చుట్టి ఉష్ణోగ్రత చూడు. 123 పీఎస్‌ఐకి 5 డిగ్రీలు, పైపు 12 డిగ్రీలు, తేడా 7. ఈ తేడానే సూపర్‌హీట్. ద్రవమంతా మరిగిపోయాక ఆవిరి మరో ఏడు డిగ్రీలు వేడెక్కి కంప్రెసరుకు వస్తోందన్నమాట. అది ఆరోగ్యం. సక్షన్ ఒత్తిడి తక్కువగా ఉండి తేడా 20 దాటితే కాయిల్‌కు ద్రవం చాలడం లేదు. గ్యాస్ తక్కువ కావచ్చు, ద్రవాన్ని కాయిల్‌లోకి వదిలే సన్నగొట్టం క్యాపిలరీయో, దాని ముందున్న జల్లెడ స్ట్రైనరో మూసుకుపోయి ఉండవచ్చు. ఒత్తిడి తక్కువగా ఉండి తేడా ఒకటో రెండో డిగ్రీలే ఉంటే కథ వేరు. ద్రవం పుష్కలంగా ఉంది, దాన్ని మరిగించడానికి వేడే రావడం లేదు. ఫిల్టరు మూసుకుపోయింది, బ్లోయరుకు దుమ్ము పట్టింది, లేకపోతే ఫ్యాను తిరగడం లేదు. రెండిటిలోనూ సక్షన్ గేజ్ ఒకేలా కిందికి దిగుతుంది, రెండిటిలోనూ ఐసు కట్టవచ్చు. గేజ్ ఒక్కటే చూసేవాడు రెండో మిషనులో కూడా గ్యాస్ ఎక్కిస్తాడు, ద్రవం కంప్రెసరులోకి వెళ్ళి వాల్వులు విరుగుతాయి. ఐసు కట్టిన తీరు కూడా కొంత చెబుతుంది: ద్రవం దిగే చివర మాత్రమే కడితే గ్యాసును, కాయిలంతా సమంగా కడితే గాలిని ముందు అనుమానించు.

క్యాపిలరీ మిషన్లలో ఈ తేడా బయటి ఎండను బట్టి మారుతుంది, ఏడే రావాలని పట్టుబట్టకు. ఇన్వర్టరు మిషను తనంతట తాను వేగం మార్చుకుంటుంది కనుక టెస్ట్ మోడులో పెట్టాకే కొలువు. గ్యాస్ ఎక్కించాల్సి వస్తే నేమ్‌ప్లేట్ మీదున్న గ్రాములను తూకం వేసి ఎక్కించు. ఆర్-410ఏ రెండు గ్యాసుల మిశ్రమం, దాన్ని ద్రవంగానే తీయాలి.

అవుట్‌డోరు దగ్గర వేడి బయటికి పోవాలంటే లోపలి గ్యాస్ బయటి గాలికన్నా వేడిగా ఉండాలి. 44 డిగ్రీల ఎండలో కండెన్సరు, అంటే అవుట్‌డోరులోని కాయిల్, 55 దాటడం మామూలే. గదిలో లాగిన 5 కిలోవాట్లతో పాటు కంప్రెసరు తిన్న ఒకటిన్నర కిలోవాటు కూడా అక్కడి నుంచే పోవాలి. అపార్టుమెంటు డక్టులో, గ్రిల్లు వెనక ఇరికించిన యూనిట్లు తాము వదిలిన వేడిగాలినే మళ్ళీ పీల్చుకుంటాయి. వీధిలో ఎండ ఎంతుందో కాదు, కాయిల్‌లోకి వెళ్ళే గాలి ఎన్ని డిగ్రీలుందో కొలువు. వీధిలో 42 ఉండి అక్కడ 52 కనబడితే జాగా మార్చమని చెప్పు, ఇంటివాళ్ళకు కష్టమైనా సరే. ఫిన్నుల (కాయిల్ రేకుల) మీది దుమ్ము కూడా ఇదే పని చేస్తుంది. వీలైతే లోపలి వైపు నుంచి బయటికి నీళ్ళు కొట్టు, ఫిన్నులు వంగకుండా.

ఇన్‌ఫ్రారెడ్ గన్నుతో మెరిసే రాగి పైపును కొలవకు. మెరిసేది తన వేడిని సరిగా చూపించదు, చుట్టూ ఉన్నవాటి వేడిని ప్రతిఫలిస్తుంది. పైపు మీద నల్ల టేపు రెండు చుట్లు చుట్టి, ఆ టేపును కొలువు. నెలకోసారి గ్లాసులో దంచిన మంచు నిండా వేసి, సందులు నిండేంత నీళ్ళు పోసి ప్రోబ్ ముంచు. సున్నా చూపించాలి. మరిగే నీళ్ళతో సరిచూడాలంటే ఊరి ఎత్తు లెక్కలోకి తీసుకోవాలి, మంచుతో ఆ గొడవ లేదు.

గ్యాస్ నింపే ముందు పైపుల్లోంచి గాలినీ తేమనూ లాగేసే వ్యాక్యూమ్ విషయంలోనూ, ఒత్తిడి తగ్గితే మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుందన్న సూత్రమే. మామూలు గేజ్ మీద 29 అంగుళాల (పాదరసం లెక్కన) వ్యాక్యూమ్ కనబడితే అయిపోయిందనుకుంటారు. అక్కడ ఇంకా సుమారు 23 మిల్లీమీటర్ల ఒత్తిడి మిగిలి ఉంటుంది, నీళ్ళు దాదాపు 25 డిగ్రీలకు గాని మరగవు. చలికాలం పొద్దున పైపు 18 డిగ్రీలుంటే లోపలి తేమ నీళ్ళుగానే ఉండిపోతుంది. మైక్రాన్ గేజ్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు దాకా చూపేది) కొను, 500 మైక్రాన్ల కిందికి దించి, వాల్వు మూసి పది నిమిషాలు చూడు. పెరిగి ఒకచోట ఆగితే తేమ, ఆగకుండా పెరుగుతూ పోతే లీకు.

లీకు కోసం నైట్రోజన్ నింపి చూసే పరీక్షలో కంగారు పడకు. ఉదయం 25 డిగ్రీల దగ్గర 300 పీఎస్‌ఐ నింపితే మధ్యాహ్నం 40 డిగ్రీలకు అది 315 అవుతుంది, డిగ్రీకి ఇంచుమించు ఒక పీఎస్‌ఐ. మధ్యాహ్నం నింపి మర్నాటి పొద్దున చూస్తే అలాగే తగ్గుతుంది, అది లీకు కాదు. నింపినప్పుడు ఒత్తిడి పక్కనే ఉష్ణోగ్రత కూడా రాసిపెట్టు. నైట్రోజన్ దొరకలేదని ఆక్సిజన్ మాత్రం ఎప్పుడూ పెట్టకు. కంప్రెసరు నూనెతో కలిస్తే పేలుతుంది, ప్రాణాలు పోతాయి.

సిలిండరులో ఐదో వంతు ఖాళీ వదలాలి, వేడెక్కితే ద్రవం వ్యాకోచించడానికి జాగా కావాలి. గ్యాస్ ఎక్కడం మందగిస్తే సిలిండరును 40 డిగ్రీలు దాటని గోరువెచ్చని నీళ్ళలో నిలబెట్టు, టార్చి మంట చూపించకు. ఎండలో ఆపిన బండి డిక్కీలో దాన్ని వదిలి భోజనానికి వెళ్ళకు, నీడకు తీసుకెళ్ళి నిలబెట్టు.

ఇట్లు,
మీ అన్న