రాత్రయితే ఇంటర్నెట్ నెమ్మదిస్తోందా? ఏదైనా మార్చే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోండి

200 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) ప్లాను తీసుకున్నా రాత్రి ఎనిమిది దాటాక వీడియో కాల్‌లో మాట తెగిపోతోందని, రూటర్ మార్చాలా, కంపెనీనే మార్చాలా అని మీరు అడిగారు. ఇంచుమించు ఇదే బాధ నేను ఏడాదిపాటు పడ్డాను. తొందరపడి రూటర్ మార్చి డబ్బు కూడా వృథా చేసుకున్నాను. కాబట్టి జాప్యం ఏ మజిలీలో జరుగుతోందో తేలేవరకు ఏదీ మార్చవద్దని నా సలహా. మీ ఫోను నుంచి రూటర్ వరకు ఒక మజిలీ, రూటర్ నుంచి కంపెనీ వరకు రెండోది, అక్కడి నుంచి మీరు తెరిచే సైటు వరకు మూడోది. వీటిలో దేనికి జబ్బు చేసినా మనకు పైకి కనిపించే లక్షణం ఒక్కటే కావడంతోనే చిక్కంతా వస్తుంది.

మొదట ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రూటర్‌కు కలిపి, వైఫై ఆపి, స్పీడ్ టెస్ట్ చేయండి. కేబుల్ మీద 190 వచ్చి వైఫైలో 40 మాత్రమే వస్తే ఆ తేడాకు కంపెనీ బాధ్యత లేదు. మరొక మాట: ప్లానులో రాసేది మెగాబిట్లలో, ఫైలు దిగుతున్నప్పుడు కనిపించేది సాధారణంగా మెగాబైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక 200 ప్లాను మీద సెకనుకు 25 మెగాబైట్లకు మించి రావు. ఈ తేడా తెలియక నేను ఒకసారి కస్టమర్ కేర్‌తో పోట్లాడిన మాట దాచను.

నా విషయంలో కేబుల్ మీద కూడా వేగం 94 దగ్గర ఆగిపోయేది. తెల్లవారుజామున చూసినా, రద్దీ వేళ చూసినా 93 లేదా 94, అంతే. ఆ నిలకడే నాకు ఆధారం దొరికించింది, ఎందుకంటే రద్దీ వల్ల తగ్గే వేగం పూటకో రకంగా ఉంటుంది తప్ప ఒకే అంకెను పట్టుకుని కూర్చోదు. ఈథర్నెట్ కేబుల్‌లో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా ఉంటాయి. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగానికి నాలుగు జతలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు. ఒక తీగ తెగితే చాలాసార్లు అటూ ఇటూ ఉన్న పరికరాలు ఏ హెచ్చరికా ఇవ్వకుండా 100కు దిగి సర్దుకుంటాయి. అందులో డేటాను చిన్న ముక్కలుగా, అంటే ప్యాకెట్లుగా, పంపడానికయ్యే పైఖర్చు పోగా టెస్టులో 94 మిగులుతుంది. ఫైబర్ పెట్టె నుంచి రూటర్‌కు వెళ్లే మా కేబుల్ తలుపు సందులోంచి పోయేది. తలుపు వేసినప్పుడల్లా నలిగి, ఒకచోట పైతొడుగు తెల్లబడి, వేలితో తడిమితే లోపల పల్లంగా తగిలింది. కేబుల్ మార్చిన వెంటనే అంకె 190 దాటింది. పాత రూటర్లలో కొన్నిటికి పోర్టే 100 వరకు ఉంటుంది, అప్పుడు కూడా ఇదే అంకె వస్తుంది కనుక అదీ చూసుకోండి.

అయినా సాయంత్రం కాల్స్ తెగడం మానలేదు. మీ సమస్య బహుశా ఇక్కడే ఉంది. కాల్ నడుస్తుండగా పింగ్ (ఒక చిన్న సందేశం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) పెట్టి చూస్తే మామూలుగా 15 మిల్లీసెకన్లు ఉండేది 700 దాకా పోతోంది. ఒక్కొక్క ఫోనునూ వైఫై నుంచి తప్పిస్తూ వెళ్లాను. మా అబ్బాయి ఫోను తీయగానే పింగ్ మళ్లీ 15కు దిగింది. పగలంతా తీసిన వీడియోలన్నీ ఇంటి వైఫై అందగానే బ్యాకప్‌కు ఎక్కుతున్నాయి. నా ప్లానులో అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ మాత్రమే కావడంతో అది నిండిపోయేది, మిగిలిన ప్యాకెట్లన్నీ రూటర్‌లో వరుస కట్టేవి, నా మాట ఆ వరుస చివర నిలబడేది. మనం చూసే వీడియోకు కూడా అందినట్టు రసీదులు అప్‌లోడ్ దారినే వెళ్లాలి గనుక డౌన్‌లోడ్ కూడా కుంటుపడుతుంది. జిమ్ గెటిస్ అనే ఇంజనీరు 2010లో తన ఇంటి కనెక్షన్‌లో ఇదే గమనించి దానికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్‌సన్ ఈ వరుసను అదుపు చేసే కోడెల్ అనే పద్ధతిని వెలువరించారు. మీ రూటర్ సెట్టింగుల్లో ఎస్‌క్యూఎం (ఇలాంటి వరుసలను అదుపు చేసే సౌకర్యం) అనే అంశం ఉంటే దాన్ని ఆన్ చేసి, మీకు నిజంగా వచ్చే వేగంలో 90 శాతం దగ్గర పరిమితి పెట్టండి. పది శాతం వేగం పోతుందని వెనకాడకండి, కాల్ తెగకుండా ఉండడానికి అది చాలా చిన్న మూల్యం. ఆ సౌకర్యం లేకపోతే బ్యాకప్‌ను అందరూ పడుకున్న వేళకు మార్చండి.

వైఫై గురించి కొద్దిగా చెబుతాను. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు సాధారణంగా మూడే: 1, 6, 11. చుట్టుపక్కల ఇళ్లన్నీ వాటినే పంచుకుంటాయి, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ పౌనఃపున్యంలోనే పనిచేస్తుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది గానీ గోడలను దాటడంలో బలహీనం. కాబట్టి రూటర్‌ను అలమరలోంచి తీసి ఇంటి నడుమ ఎత్తులో పెట్టండి. ఒకే రేడియోతో పనిచేసే ఎక్స్‌టెండర్ ప్రతి ప్యాకెట్‌నూ విని మళ్లీ పలకాలి కనుక వేగం దాదాపు సగానికి పడిపోతుంది. నేనైతే దాని బదులు ఒక కేబుల్ లాగుతాను.

ఇవన్నీ సరిగ్గా ఉండి, మిగిలిన పరికరాలన్నీ ఆపి కేబుల్ మీద చూసినా రాత్రి మాత్రమే వేగం తగ్గుతుంటే, అప్పుడు కంపెనీ వైపు చూడవలసిందే. విస్తృతంగా వాడుకలో ఉన్న జీపాన్ ఫైబర్ పద్ధతిలో సుమారు 2.5 జీబీపీఎస్ (2500 ఎంబీపీఎస్) సామర్థ్యాన్ని, ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు చీల్చే స్ప్లిటర్ ద్వారా తరచుగా 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. వారం రోజులపాటు ఉదయం ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి టెస్టు చేసి, తేదీలతో రాసి పెట్టుకుని ఫిర్యాదు చేయండి. "నెట్ స్లోగా ఉంది" అన్న మాటకు రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమన్న జవాబే వస్తుంది గానీ ఆ పట్టిక చూపితే అదే జవాబు చెప్పి తప్పించుకోవడం కష్టం. సిబ్బంది ఇంటికి వచ్చినప్పుడు ఫైబర్‌లో అందుతున్న కాంతి బలం ఎంతో కొలిచి చెప్పమని అడగండి. జీపాన్‌లో అది మైనస్ 27 డీబీఎం (కాంతి బలాన్ని కొలిచే ప్రమాణం) దగ్గరకు వచ్చిందంటే, పనిచేయడానికి కావలసిన కనిష్ఠ బలం అంచున ఉన్నట్టే. అలా ఉంటే కనెక్టర్ శుభ్రం చేయించండి, ఫైబర్ ఎక్కడైనా పదునుగా వంగిందేమో వారు ఉండగానే చూపించుకోండి.