సాగిపోయిన ఎచెవేరియాను నేరుగా ఎండలో పెట్టవచ్చా?

గదిలో బల్ల మీద పెట్టిన ఎచెవేరియా (గుత్తిగా పేర్చినట్టుండే ఆకుల సక్యులెంట్, అంటే దళసరి ఆకుల్లో నీరు దాచుకునే మొక్క) కాండం పొడుగ్గా సాగి, ఆకుల మధ్య ఎడం పెరిగిందని, రేపటి నుంచే నిండు ఎండలో పెట్టవచ్చా అని అడిగారు. దయచేసి అలా పెట్టకండి. దానికి ఎండ అవసరమన్నది నిజమే. కానీ వెలుతురు చాలక సాగిన మొక్క ఆకులు చాలా సుకుమారంగా ఉంటాయి. మిట్టమధ్యాహ్నపు ఎండ ఒక్క పూట తగిలినా కమిలిపోతాయి. ఆ మచ్చలు మళ్లీ మానవు, ఆకు రాలేదాకా ఉంటాయి.

నేనైతే మొదట ఉదయపు నీరెండలో గంటసేపు ఉంచి, రెండు మూడు రోజులకోసారి కొంచెం కొంచెంగా సమయం పెంచుతాను. రెండు వారాలకు మొక్క తట్టుకోవడం నేర్చుకుంటుంది. ఆ తర్వాత రోజుకు నాలుగు నుంచి ఆరు గంటల నేరు ఎండ ఎచెవేరియాకు, సెడమ్ అనే మరో సక్యులెంట్‌కు బాగా సరిపోతుంది. ఆ గంటలు పొద్దుటివైతే మరీ మంచిది. వేసవిలో మధ్యాహ్నం మాత్రం పలుచని నీడ కల్పించండి.

‘మా గదిలో వెలుతురు బాగానే ఉంది’ అని చాలామంది అంటారు. ఈ విషయంలో కళ్లను నమ్మలేం. ఆరుబయట నడి ఎండలో వెలుతురు దాదాపు లక్ష లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటే, కిటికీకి దూరంగా గది మధ్యలో కొన్ని వందలకు మించదు. కంటిపాప సర్దుకుంటుంది కాబట్టి మనకు ఆ తేడా తెలియదు, మొక్కకు తెలుస్తుంది. మధ్యాహ్నం వేళ కుండీకి జానెడు ఎత్తున చెయ్యి చాపి చూడండి. నీడ అంచులు స్పష్టంగా పడితే వెలుతురు బాగున్నట్టు. నీడే కనిపించకపోతే అక్కడ ఎచెవేరియా సాగక తప్పదు.

అయితే సక్యులెంట్లన్నిటికీ ఇదే లెక్క వర్తించదు. హావర్తియాలు దక్షిణాఫ్రికాలో పొదల కింద, రాళ్ల చాటున పెరిగేవి. వాటికి వడగట్టినట్టు వచ్చే వెలుతురే ఇష్టం. వాటిలో కూపరీ రకం నాకు ఎంతో ప్రియమైనది. సొంత నేలలో అది చాలావరకు మట్టిలో కూరుకుని, అద్దంలాంటి ఆకు కొనలను మాత్రం పైకి పెట్టి, వాటి గుండా వెలుతురును లోపలికి తీసుకుంటుంది. అలాంటిదాన్ని ఎచెవేరియా పక్కన నడి ఎండలో పెడితే ముడుచుకుపోతుంది.

ఎండలోకి మార్చాక ఆకుల అంచులు ఎర్రబడితే కంగారుపడకండి. ఎక్కువ వెలుతురు నుంచి కాపాడుకోవడానికి మొక్క తయారుచేసుకునే రంగు అది. ఎండ వైపున్న ఆకు మీద తెల్లగా పాలిపోయి, ఎండిన మచ్చ కనిపిస్తే మాత్రం వెంటనే నీడకు జరపండి. ఆకుల మీది తెల్లని పొడిని దుమ్ము అనుకుని తుడవకండి, ఎండకు అడ్డుపడేది అదే.

నీళ్ల సంగతి కూడా వెలుతురుతో ముడిపడి ఉంది. చీకటి మూలల్లోని మొక్క నీటిని చాలా తక్కువగా వాడుకుంటుంది, మట్టి తడి ఆరదు, వేళ్లు కుళ్లుతాయి. కాబట్టి అది గదిలో ఉన్నంతకాలం మట్టి లోపలిదాకా ఆరితేనే నీళ్లు పోయండి. ఎండ లేక దీపం పెట్టాలనుకుంటే పగలు పన్నెండు గంటలు చాలు, రాత్రి తప్పకుండా ఆర్పేయండి. ఈ మొక్కల్లో చాలావరకు పత్రరంధ్రాలు తెరిచి గాలి పీల్చేది చీకట్లోనే.

ఇక, సాగిన కాండం ఎంత ఎండ చూపినా తిరిగి పొట్టిగా మారదు. మొక్క ఎండకు అలవాటుపడ్డాక పై గుత్తిని రెండంగుళాల కాండంతో కోసి, కోత మానేదాకా నాలుగైదు రోజులు నీడలో ఉంచి, పొడి మట్టిలో నాటండి. మిగిలిన మోడును పారేయకండి. వెలుతురులో ఉంచితే సాధారణంగా దాని పక్కల నుంచి పిలకలు వస్తాయి.