కొరియాతో వాణిజ్య ఒప్పందం ఉండగా పెనుకొండ దగ్గర కారు విడిభాగాల యూనిట్ నిలబడుతుందా?

నిలబడుతుంది. అయితే ఏ భాగం తయారు చేస్తారన్నది ముఖ్యం. ఆ ప్రాంతంలోనే ఒక విడిభాగాల కంపెనీ కొనుగోళ్ల విభాగంలో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను.

భారత్–కొరియా సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం 2010 జనవరి 1న అమల్లోకి వచ్చింది. దాని వల్ల కొరియాలో ఓడెక్కిన ప్రతి సరుకుకూ మన దిగుమతి సుంకం తగ్గుతుందని చేరిన కొత్తలో నేనూ అనుకున్నాను. అలా తగ్గదు. సరుకు కొరియాలో తయారైనట్టు తేలాలి. సాధారణ నియమంలో రెండు షరతులున్నాయి, రెండూ నెరవేరాలి. బయటి దేశాల నుంచి తెచ్చిన ముడిసరుకు భాగంగా మారేసరికి హెచ్‌ఎస్ కోడ్ (సుంకం కోసం సరుకులను వర్గీకరించే అంకెల కోడ్) ఆరంకెల స్థాయిలో మారాలి. ధరలో కనీసం 35 శాతం అక్కడి విలువ ఉండాలి. అంటే 100 రూపాయల ఎగుమతి ధరలో బయటి సరుకు 65 రూపాయలు దాటితే రాయితీ పోయినట్టే.

2021లో మా కంటైనర్ ఒకటి చెన్నై రేవులో ఆగిపోయింది. సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే ఒరిజిన్ సర్టిఫికెట్ సక్రమంగానే ఉంది. కానీ 2020 సెప్టెంబరు 21 నుంచి అమలవుతున్న కారోటార్ నిబంధనల (ఒప్పందాల కింద రాయితీ కోరే దిగుమతులకు మన కస్టమ్స్ నియమాలు) ప్రకారం అదొక్కటే చాలదు. ఆ 35 శాతం ఎలా వచ్చిందో దిగుమతిదారు దగ్గర వివరాలుండాలి. కొరియా సరఫరాదారును అడిగితే ధరల లెక్క వ్యాపార రహస్యమన్నారు. వారి భయంలోనూ న్యాయముంది, ఆ లెక్క చేతికొస్తే మరుసటి బేరంలో మేం ధర తగ్గించమని పట్టుబట్టేవాళ్లం. మా దగ్గర రెండు రోజులకు సరిపడా భాగాలే మిగిలాయి. చివరికి పూర్తి సుంకం కట్టి విడిపించుకున్నాం. ఆ రెండు రాత్రులూ నాకు నిద్ర లేదు.

అప్పటి నుంచి వివరాలివ్వని సరఫరాదారు ధరకు పూర్తి సుంకం కలిపే పోల్చేవాళ్లం. అలా చూస్తే, ఖరీదెక్కువని పక్కన పెట్టిన స్థానిక కొటేషన్లు కొన్ని దాదాపు సమానంగా తేలాయి. మీకు అవకాశం ఉన్నది అక్కడే.

బంపర్లు, సీటు ఫ్రేములు, ప్లాస్టిక్ ట్రేల వంటివి ఎంచుకోండి. అవి కంటైనర్‌లో చోటెక్కువ తింటాయి, ఓడ కిరాయి వాటికి గిట్టదు. చిన్న సెన్సర్ల జోలికి మాత్రం మొదట్లోనే వెళ్లకండి. ఒక్క పెట్టెలో వేలకొద్దీ పడతాయి, ఒప్పందం ఉన్నా లేకపోయినా వాటి రవాణా చౌకే.

పోలిక కోసం చూస్తే, అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య ఉన్న ఉత్తర అమెరికా ఒప్పందంలో రాయితీ దక్కాలంటే కార్లలో ఆ మూడు దేశాల విలువ 75 శాతం ఉండాలి. పైగా కార్లకైతే 40 శాతం, ట్రక్కులకైతే 45 శాతం విలువ, సగటున గంటకు కనీసం 16 డాలర్ల వేతనమిచ్చే చోట్ల నుంచి రావాలి. కొరియాతో మన ఒప్పందంలో అలాంటి వేతన షరతు లేదు. కార్మికుల కోసం అది ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

యంత్రాలకు అడ్వాన్సు ఇచ్చే ముందే కొనుగోలుదారును కలిసి, మీరు చేయబోయే భాగం హెచ్‌ఎస్ కోడ్ ఏమిటో, గత ఏడాది దానిపై నిజంగా ఎంత సుంకం కట్టారో అడగండి. రాయితీతో తెస్తున్నామంటే, 35 శాతం లెక్క తమ దగ్గర ఉందా అని కూడా అడగండి.